పోలీసుల సంగతిలో వినకూడని సలహాలు

తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో ఎవరింట్లోనైనా గొలుసు కనబడకుండా పోతే పోలీసులకంటే ముందు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు కదులుతుంది. ఫిర్యాదు రాయకముందే తీర్పులు వచ్చేస్తాయి. పనామెను పట్టుకోండి, డ్రైవర్ ఫోన్ చూడండి, మావాడికి ఏసీపీ బాగా తెలుసు, ఒక మాట చెప్పిస్తా. ఈ సలహాలిచ్చే వాళ్లు దుర్మార్గులేమీ కారు. పక్కింటి కష్టానికి కదిలే వాళ్లే. అయితే అరెస్టు, సోదా, బలప్రయోగం గురించి వాళ్లకు తెలిసిందంతా సినిమాల్లో చూసింది. ఆ అరకొర జ్ఞానం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆలోచించరు.

సంగారెడ్డి జిల్లాలో మొన్నమొన్నటిదాకా పొలాలుగా ఉన్న ఈ ఊరు, 2018లో మున్సిపాలిటీ అయ్యేనాటికే ఐటీ ఉద్యోగుల ఊరైపోయింది. ఆ ఉద్యోగుల ఇళ్లు నడిపే వాళ్లు లింగంపల్లి, రామచంద్రాపురం వైపు నుంచి, కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్ల నుంచి, శ్రీకాకుళం, పాలమూరు, ఒడిశాల నుంచి వచ్చిన వాళ్లు. పోలీసు అధికారానికి చట్టం గీసిన హద్దులు పరీక్షకు నిలిచేది ఎక్కువగా వాళ్ల ఒంటిమీదే. ఆ హద్దు దాటమని పోలీసును ఎగదోసేది మాత్రం చాలాసార్లు ఫిర్యాదు ఇచ్చిన మనమే. అందుకే తరచూ వినబడే ఈ సలహాలను ఇక్కడ పెట్టి, ఎందుకు వినకూడదో చెబుతున్నాను.

“స్టేషన్‌లో అప్పజెప్పండి, రెండు తగిలిస్తే తనే చెబుతుంది”

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇది. అన్నిటికన్నా తేలిగ్గా నోట్లోంచి వచ్చేదీ ఇదే. ‘కోటింగ్’ అని దానికో ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసులు మరియమ్మ అనే దళిత మహిళను దొంగతనం అనుమానంతో తీసుకెళ్లారు. ఆమె ఒకరింట్లో వంటపని చేసేది. ఆ ఇంట్లో డబ్బు పోయిందని ఫిర్యాదు. జూన్ 18న ఆమె పోలీసుల అదుపులో చనిపోయింది. ఆమె కొడుకు ఒంటిమీదా దెబ్బలున్నాయి. విషయం హైకోర్టుకు వెళ్లి, పూడ్చిన శవాన్ని బయటికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

2023 జనవరి చివర్లో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం కేసులో ఒక కూలీని హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లారు. సీసీ కెమెరాలో కనబడిన మనిషి పోలికలున్నాయన్నదే ఆధారం. విడిచిపెట్టాక ఆస్పత్రి మంచం మీద నుంచి, తనను ఎలా కొట్టారో అతను వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

2024లో షాద్‌నగర్. అప్పటికి అది మన సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలోనిదే. పొరుగింటి బంగారం దొంగిలించిందన్న అనుమానంతో పిలిపించిన దళిత మహిళ, తనను కన్నకొడుకు ముందే చిత్రహింసలు పెట్టారని బయటపెట్టింది. డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ను, కానిస్టేబుళ్లను కమిషనర్ సస్పెండ్ చేశారు.

మూడు చోట్లా మొదలు ఒక్కటే. ఎవరిదో సొమ్ము పోయింది. అనుమానం ఒక బీద మనిషి మీదికి వెళ్లింది. ‘రికవరీ ఎప్పుడు సార్’ అని ఫోన్లు మొదలైతే కింది పోలీసు మీద ఎంత ఒత్తిడి పడుతుందో స్టేషన్లు చూసిన వాళ్లకు తెలుసు. ఆ ఒత్తిడి కొట్టడానికి సాకు అవదు. అయితే ఆ ఫోన్ చేసినవాళ్ల చేతులూ శుభ్రంగా ఉండవు.

ఇంత చేసి సాధించేది ఏమిటంటే కేసు కోణంలో కూడా ఏమీ లేదు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్ కాలంలో 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పిన మాటే ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలోని 23వ సెక్షన్‌లోనూ ఉంది. పోలీసులు కొట్టి చెప్పిస్తారని వలస పాలకులకే తెలుసు గనుక ఆ నిబంధన పెట్టారు. ఆ ఒప్పుకోలు వల్ల వస్తువు దొరికితే అంతమేరకే అది పనికొస్తుంది. ఒప్పుకోలు కోసం గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు పడే నేరం. గాయం తీవ్రమైతే 10 ఏళ్లు. ఇంట్లో పనిమనిషి దొంగతనం చేసిందని రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కూడా 7 ఏళ్లే. అంటే ‘రెండు తగిలించండి’ అని సలహా ఇచ్చే మనిషి, పోయిన గొలుసు కంటే చిన్నదేమీ కాని నేరాన్ని కోరుతున్నాడు.

“గేటు దగ్గర ఆపి, సంచి వెతికి, సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టండి”

సొసైటీ బైలాలో రాసుకున్నంత మాత్రాన సెక్యూరిటీ గార్డుకు పోలీసు అధికారం రాదు. సంచి చూపించమని అడగొచ్చు. వద్దంటే బలవంతంగా వెతికే హక్కు గార్డుకూ లేదు, కమిటీ ప్రెసిడెంటుకూ లేదు.

మామూలు పౌరుడు కూడా అరెస్టు చేయగల సందర్భం ఒకటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 40వ సెక్షన్ ఆ సంగతి చెబుతుంది. తన కళ్లముందే బెయిలు దొరకని, పోలీసు నేరుగా కేసు పెట్టగల నేరం జరగాలి. పట్టుకున్న మనిషిని అనవసరంగా ఆలస్యం చేయకుండా, 6 గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. అలమారా తెరిచి చూస్తే నగ కనబడలేదు, పొద్దున ఆమె గది ఊడ్చింది కదా అనుకోవడం ‘కళ్లముందు జరిగిన నేరం’ కిందికి రాదు. అప్పుడు ఆమెను గదిలో పెట్టి గడియ వేస్తే అక్రమ నిర్బంధం. కేసు మీమీద అవుతుంది.

మనం చేయాల్సింది ఫిర్యాదు రాసివ్వడం. ఏం పోయింది, చివరిసారి ఎప్పుడు చూశారు, ఇంట్లోకి ఎవరెవరు వచ్చి వెళ్లారు, అంతవరకే. అందరినీ రాయాలి, ప్లంబర్‌నీ రాయాలి, వచ్చి వెళ్లిన చుట్టాలనూ రాయాలి. ఒక్క పనామె పేరే రాసి కింద ‘అనుమానం’ అని పెడితే దర్యాప్తు అక్కడే ఆగిపోతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

“స్టేషన్‌కి రమ్మన్నారా? వెళ్లిపో, ఏం కాదు”

యజమానులు పనివాళ్లకు ఎంతో నమ్మకంగా ఇచ్చే సలహా. ‘ఊరికే మాట్లాడి పంపిస్తారులే.’ నోటి మాట మీద స్టేషన్‌కు వెళ్లిన మనిషి ఎప్పుడు వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో, ఎవరు పిలిచారో రికార్డు ఉండదు. ఆ రికార్డు లేని గంటల్లోనే ఘోరాలన్నీ జరుగుతాయి.

కాగితం అడగాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో పోలీసు ముందుగా ఆలోచించాల్సింది నోటీసు గురించి. పాత చట్టంలో 41ఏ అని అందరూ పిలిచిన నోటీసే ఇప్పుడు సురక్షా సంహితలో 35(3). నోటీసుకు హాజరై సహకరిస్తున్న మనిషిని, అరెస్టు అవసరమని రాతపూర్వకంగా కారణాలు నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఇది కచ్చితంగా చెప్పింది. పాటించని పోలీసు మీద శాఖాపరమైన చర్యతోపాటు కోర్టు ధిక్కారం కూడా ఉంటుందని హెచ్చరించింది. ఇక సాక్షిగా మాట్లాడాలనుకుంటే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన వాళ్లను, వికలాంగులను స్టేషన్‌కు రమ్మనే వీలే లేదు. పోలీసే వాళ్ల ఇంటికి రావాలి.

అరెస్టే చేశారనుకోండి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడే బ్యాడ్జీ ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. కుటుంబసభ్యులో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అరెస్టైన మనిషి కూడా సంతకం పెట్టాలి. తను చెప్పిన బంధువుకో స్నేహితుడికో కబురు అందించాలి. ఇవన్నీ 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు. తర్వాత చట్టంలోకే ఎక్కాయి. అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, ఏ నేరమైనా ఇదే నియమమని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒడియా తప్ప రాని కూలీకి ఇంగ్లీషు కాగితం చేతిలో పెడితే కుదరదు. డాక్టరు పరీక్ష చేయించాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, అది రాజ్యాంగం 22వ అధికరణం మాట. పొద్దుగుంకాక, తెల్లవారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా నివేదించి ముందే అనుమతి తీసుకోవాలి.

దీనికి తోక సలహా ఒకటుంది. ‘లాయర్ను తీసుకెళ్తే తప్పు చేసినట్టే అనుకుంటారు.’ అనుకోనివ్వండి. విచారణ సమయంలో తనకు నచ్చిన లాయరును కలుసుకునే హక్కు ఉంది. విచారణ జరిగినంతసేపూ లాయరు పక్కన కూర్చుంటానంటే మాత్రం చట్టం ఒప్పుకోదు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది.

“దాచేదేమీ లేకపోతే ఫోన్ ఇచ్చేయ్”

2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బైకుల మీద వెళ్లే కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట కోసం వెతకడం వీడియోల్లో అందరూ చూశారు. బలవంతమేమీ లేదని, జనమే సహకరిస్తున్నారని అప్పుడు అధికారుల సమాధానం. నడిరోడ్డు మీద లాఠీ పట్టుకున్న మనిషి అడిగితే ఇచ్చేదాన్ని సహకారం అనడం నాకు మింగుడు పడదు. కానీ వాళ్ల సమాధానంలో మనకొక పాఠం ఉంది. అడగగానే ఇచ్చేస్తే అది స్వచ్ఛందం కింద రాసుకుంటారు. కాబట్టి మర్యాదగా ఒక్క ప్రశ్న వేయాలి: ‘సార్, ఏ కేసులో? ఏ సెక్షన్ కింద?’

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దర్యాప్తులో ఫోన్ నిజంగా అవసరమైతే స్వాధీనం చేసుకునే దారి చట్టంలో ఉంది. సమన్లు ఇచ్చి తెప్పించుకోవచ్చు, వారెంటు తెచ్చుకోవచ్చు, అత్యవసరమైతే కారణాలు రాసి వారెంటు లేకుండా సోదా చేయవచ్చు. ఆ కారణాల కాపీ 48 గంటల్లో మేజిస్ట్రేటుకు చేరాలి. ఇంట్లో సోదా చేస్తే ఆ చుట్టుపక్కల వాళ్లు ఇద్దరు పంచులుగా ఉండాలి, పంచనామా రాయాలి, 2024 నుంచి సోదా మొత్తం వీడియో తీయాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే, మర్యాద తప్పకుండా సోదా చేయాలి. ఫోన్ పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్న విషయంలో కోర్టులు ఒక్క మాట మీద లేవు. అక్కడ లాయరును అడక్కుండా అడుగు వేయొద్దు.

ఇంకో మాట. నిర్బంధ తనిఖీలని తెల్లవారుజామున వందలమంది పోలీసులు చుట్టుముట్టి ప్రతి ఇల్లూ తట్టి కాగితాలు అడగడం బస్తీలకు కొత్త కాదు. ముప్పై అంతస్తుల టవర్లలో అలా ఇంటింటికీ తలుపు కొట్టడం నేను వినలేదు. ‘దాచేదేమీ లేకపోతే భయమెందుకు’ అని ధైర్యంగా అనగలగడానికి కారణం మన నిజాయితీ కంటే మన చిరునామా.

“వారెంటు లేకుండా ముట్టుకోలేరు, గట్టిగా నిలదీయ్”

ఇది అవతలి కొస. ఇది విని జైలుకెళ్లే వాళ్లు ఎక్కువగా మనవాళ్లే. దొంగతనం, మత్తుమందుల వంటి కేసుల్లో వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసుకు ఉంది. ఆ అరెస్టు తప్పని మీకెంత నమ్మకం ఉన్నా, వాదన కోర్టులో చేయాలి. రోడ్డు మీద చేయి వేసి తోశారో, అది ప్రభుత్వ ఉద్యోగి మీద దాడి కేసు అవుతుంది. అప్పటిదాకా లేని నేరాన్ని మీ చేత్తో మీరే తయారు చేసి ఇచ్చినట్టు.

శుక్రవారం రాత్రి గచ్చిబౌలి దాటాక డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ దగ్గర ఈ సలహా బాగా పనిచేస్తుంటుంది, చెడుగా. గొట్టం ఊదనంటే తప్పించుకోలేరు, నిరాకరించినందుకు కూడా అరెస్టు చేయవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. అయితే తాగని మనిషి ఎవరైనా వచ్చి బండి నడుపుతానంటే, తాగి నడిపిన కారణం ఒక్కదానిమీదే బండిని పోలీసులు ఉంచేసుకోకూడదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. స్నేహితుడికి ఫోన్ చేయండి. గొంతు పెంచొద్దు.

“సీబీఐ వాళ్లు వీడియో కాల్‌లో అరెస్టు చేశారట, చెప్పినట్టు చెయ్”

చట్టం తెలియకపోవడానికి ఐటీ కారిడార్ చెల్లిస్తున్న మూల్యం ఇది. మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, మీ ఆధార్‌తో మనీలాండరింగ్ జరిగిందంటారు. యూనిఫాం వేసుకున్న మనిషి స్క్రీన్ మీద కూర్చుని కెమెరా ఆపొద్దంటాడు, గది దాటొద్దంటాడు, భార్యకు కూడా చెప్పొద్దంటాడు, డబ్బు ‘వెరిఫికేషన్’ ఖాతాకు పంపమంటాడు. రోజంతా కోడ్ రాసే మనుషులు వణికిపోయి దాచుకున్నదంతా పంపేస్తారు.

పైన చెప్పిన మెమో, సాక్షి సంతకం, బంధువుకు కబురు, 24 గంటలు, మేజిస్ట్రేటు, వీటిలో ఒక్కటి తెలిసినా ఆ కాల్ నిమిషంలో కట్ అవుతుంది. అరెస్టు సంగతి బంధువుకు చెప్పి తీరాలని చట్టం అంటుంటే, ఎవరికీ చెప్పొద్దనేవాడు పోలీసు ఎలా అవుతాడు? హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపినా చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పేసింది. ఇక అరెస్టు ఎలా చెల్లుతుంది? డబ్బు పంపి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ముందు గంటల్లో చెబితే ఖాతా స్తంభింపజేసే అవకాశం ఉంటుంది.

ఏ హద్దులను పనామె విషయంలో ‘రూల్స్ మాట్లాడొద్దు’ అని కొట్టిపారేశామో, సరిగ్గా ఆ హద్దులే ఇక్కడ మనల్ని కాపాడేవి.

“ఎన్‌కౌంటర్ చేసి పారెయ్యాలి”

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర, ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో నలుగురు నిందితులను సైబరాబాద్ పోలీసులు కాల్చి చంపారు. ఆ రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ అమ్మాయికి జరిగింది తలచుకుంటే ఆ కోపం నాకూ అర్థమవుతుంది. కానీ సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ విచారించి ఏం చెప్పిందో ఆ పూలు చల్లిన వాళ్లలో ఎంతమంది చదివారు? 2022 మేలో బయటికొచ్చిన ఆ నివేదిక, నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మదగింది కాదంది. చంపాలనే కాల్చారంది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లంది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. ఆ నివేదిక మీద వ్యవహారం తర్వాత తెలంగాణ హైకోర్టుకు చేరింది.

ఆ నలుగురు నేరం చేశారా లేదా అని ఏ కోర్టూ తేల్చలేదు. ఇక తేల్చే వీలూ లేదు. ఆ అమ్మాయికి న్యాయం జరిగిందని చెప్పుకోవడానికి మనకు మిగిలింది పోలీసుల మాట ఒక్కటే.

అరెస్టుకు ఎదురు తిరిగితే అవసరమైనంత బలం వాడొచ్చు, అంతకుమించి కాదు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం మోపబడని మనిషిని అరెస్టు చేసే క్రమంలో చంపే హక్కు లేదని చట్టమే రాసింది. ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసుల మీద హత్య కేసు నమోదు చేసి దర్యాప్తు చేయాలని, ఆత్మరక్షణ అన్నది వాళ్లు కోర్టులో రుజువు చేసుకోవాలని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు కోసం ఏళ్లతరబడి పోరాడింది పౌరహక్కుల సంఘం, హక్కుల కార్యకర్త బాలగోపాల్ లాంటి మనవాళ్లే. 2014లో సుప్రీంకోర్టు దేశమంతటికీ 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ, ఇవన్నీ తప్పనిసరి. సాహసం నిస్సందేహంగా రుజువయ్యేదాకా పతకాలు, వరుస తప్పిన ప్రమోషన్లు ఇవ్వకూడదంది. తెలుగునేల మీద ఇంత పోరాటం జరిగాక కూడా చటాన్‌పల్లిలో పూలు చల్లామంటే, ఆ తీర్పులను జనం దగ్గరికి తీసుకెళ్లడంలో నాలాంటి రాతగాళ్లం విఫలమయ్యామనే అనుకుంటాను.

ఈసారి మీ గ్రూపులో ‘స్టేషన్‌లో అప్పజెప్పండి’ అన్న మెసేజి వస్తే, కింద మీరొక మాట రాయండి: ఫిర్యాదు ఇద్దాం, మనిషిని అప్పజెప్పొద్దు. పోలీసులు తీసుకెళ్తే ఆమె వెంట ఎవరో ఒకరు వెళ్లండి. వెళ్లిన సమయం, అధికారి పేరు, స్టేషన్ పేరు రాసిపెట్టుకోండి. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100. మీ ఇంట్లో పనిచేసే వాళ్ల ఫోన్‌లో ఈ రోజే సేవ్ చేసి, అదెందుకో వాళ్ల భాషలో చెప్పండి.